ఒక్క వేలు ఎత్తితే మారే గాంధారం: ఉకులేలే మీద మైనర్ కార్డ్ వెనుక భౌతికశాస్త్రం

జంషెడ్‌పూర్‌లో గోల్‌మురి పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది రేకు. 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ ఇక్కడే వెలిసింది. పలుచని ఉక్కు రేకుకు తగరం పూత వేసి డబ్బాలకు పనికొచ్చేలా చేసే పరిశ్రమ మన దేశంలో ఇక్కడి నుంచే మొదలైంది. ఉక్కు పనికోసం ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి రాకకు పాత గుర్తు.

గోల్‌మురిలో అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి పుట్టినరోజుకు ఉకులేలే కొనిచ్చారు. వారం రోజులు గడిచాయి. ‘సి’ కార్డ్ బాగానే పలుకుతోంది. మిగతావాటికంటే తేలికని అందరూ చెప్పే ‘ఎ మైనర్’ మాత్రం కుదరడం లేదు. వాద్యం మూలకు చేరింది. ఒకప్పుడు తంబురా శ్రుతి చేసుకుని పాడిన అమ్మమ్మ అడిగింది:

“ఏమే, అప్పుడే అటకెక్కించేశావా?”

“నాకు సంగీతం చెవి లేదు అమ్మమ్మా. వీడియోలో వాళ్లు వాయిస్తే చక్కగా ఉంటోంది. నేను వాయిస్తే లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు వస్తోంది.”

“కొట్టుకోవడం వినబడిందా నీకు? మరి చెవి లేదని ఎవరన్నారే?”

అమ్మమ్మ మాటలో ధ్వనిశాస్త్రం పాఠం ఒకటి మొత్తం ఇమిడి ఉంది. ఆ అమ్మాయి విన్న ‘కొట్టుకోవడం’ ఏమిటి, అది ఎ మైనర్‌లోనే ఎందుకు అంత స్పష్టంగా వినిపిస్తుంది, తప్పు వేలిదా వాద్యానిదా అన్నది ఎలా తేల్చుకోవాలి అన్నవి తెలిస్తే వాద్యం మూల నుంచి మళ్లీ చేతికి వస్తుంది. చాలామంది మొదటి నెలలోనే వాద్యం వదిలేయడానికి కారణం వేళ్లు కాదు, తమ చెవి మీద తమకు కలిగిన ఈ అపనమ్మకమే.

నాలుగు తీగలు, ఒక వేలు

ఉకులేలే హవాయి దీవుల వాద్యంగా పేరు పొందింది కానీ దాని పూర్వీకులు పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవివారు. 1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ మదీరా నుంచి హొనొలులు చేరింది. చెరకు తోటల్లో పనికి వచ్చిన ఆ కుటుంబాలలో మాన్యుయెల్ నూనెస్ వంటి వడ్రంగులు కొందరున్నారు. వారు తమ ఊరి చిన్న గిటారు ‘మషెట్’ను అక్కడి కోవా కర్రతో చేయడం మొదలుపెట్టారు. ‘ఉకులేలే’ అన్న హవాయి మాటకు ‘గెంతే పేను’ అని అర్థం చెబుతారు. తీగల మీద వేళ్లు గెంతే వేగం చూసి పెట్టిన పేరట. పని వెతుక్కుంటూ సముద్రం దాటినవాళ్ల సామాన్లలో ఒక వాద్యం కూడా వెళ్లిందన్న మాట జంషెడ్‌పూర్ తెలుగువారికి కొత్తగా అనిపించకపోవచ్చు.

వాద్యాన్ని వాయించే భంగిమలో పట్టుకుంటే ముఖానికి దగ్గరగా, అందరికన్నా పైన ఉండేది నాలుగో తీగ. దాని స్వరం జి, పౌనఃపున్యం 392 హెర్ట్జ్. ఆ తర్వాత మూడో తీగ సి, 261.6 హెర్ట్జ్. రెండోది ఇ, 329.6. అన్నిటికీ కింద ఉండే మొదటి తీగ ఎ, 440. ఇందులో ఒక విచిత్రం గమనించండి. గిటారులోలా తీగలు మంద్రం నుంచి తారానికి వరసగా ఎక్కవు. నాలుగో తీగే మూడోదానికన్నా పై స్వరం పలుకుతుంది. ఉకులేలేకు ఆ గలగల శబ్దం రావడానికి ఇది ఒక కారణం. ఎ మైనర్ సంగతికి కూడా ఇదే కీలకం.

వీణలో మేరువు నుంచి గుర్రం దాకా తీగ ఎలా సాగుతుందో ఉకులేలేలోనూ అంతే. చిన్న రకం ఉకులేలేలో ఈ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. దండి మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు తీగ పొడవును తగ్గిస్తాయి. ఒక్కో మెట్టు పౌనఃపున్యాన్ని సుమారు 1.0595 రెట్లు పెంచుతుంది. పన్నెండు మెట్లు ఎక్కితే సరిగ్గా రెండు రెట్లు, అంటే పై స్థాయి షడ్జమం. అందుకే 35 సెంటీమీటర్ల తీగకు పన్నెండో మెట్టు నడిమధ్యన, 17.5 దగ్గర ఉంటుంది. మొదటి మెట్టు మేరువు నుంచి 1.96, రెండోది 3.82, మూడోది 5.57 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. మెట్ల మధ్య ఎడం పైకి పోయే కొద్దీ తగ్గుతూ వస్తుంది. స్కేలు పెట్టి కొలిచి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఎ మైనర్. ఎడమ చేతి మధ్యవేలి కొనను నాలుగో తీగ మీద, రెండో మెట్టుకు కాస్త వెనుక పెట్టి నొక్కాలి. మిగతా మూడు తీగలను ముట్టకూడదు. కుడిచేతి చూపుడువేలితో నాలుగు తీగలనూ పై నుంచి కిందికి ఒక్క ఊపులో మీటాలి. అంతే. వినిపించేవి ఎ (440), సి (261.6), ఇ (329.6), మళ్లీ ఎ (440).

చూపుడువేలు ఖాళీగా ఉంది కదా. దాన్ని మూడో తీగ మొదటి మెట్టు దగ్గర పెడితే సి కాస్తా సి షార్ప్ అవుతుంది, 277.2 హెర్ట్జ్. కార్డ్ ఇప్పుడు ఎ మేజర్. వేలు ఎత్తితే మైనర్, పెడితే మేజర్. నాలుగు స్వరాల్లో మూడు కదల్లేదు. ఒకే ఒక స్వరం 15.6 హెర్ట్జ్ దిగింది. దానికే వెలుతురు తగ్గినట్టు అనిపిస్తుంది. పదిసార్లు అలా పెట్టి ఎత్తి వినడం ఏ పాఠంకన్నా మేలు.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఎ స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఇ పంచమం, సి షార్ప్ అంతర గాంధారం, సి సాధారణ గాంధారం. మేజర్ అంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి పలికించడం. మైనర్‌లో అంతర గాంధారం స్థానంలో సాధారణ గాంధారం వస్తుంది. మన పద్ధతిలో ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, పాశ్చాత్య పద్ధతిలో ఒకేసారి మోగుతాయి. తేడా అదే, చాలా పెద్ద తేడా కూడా అదే. ఒకేసారి మోగితే తప్ప రెండు స్వరాలు చెవిలో రాసుకోవు.

రెండు ‘ఎ’ల మధ్య తగువు

ఎ మైనర్‌లో ఎ రెండుసార్లు వచ్చింది. ఒకటి మొదటి తీగ నుంచి, ఏ వేలూ తగలకుండా. రెండోది నాలుగో తీగ నుంచి, వేలు నొక్కితే. రెండూ ఒకే స్థాయి, రెండూ 440 కావాలి. నొక్కిన తీగ 440 బదులు 442 పలికిందనుకోండి. రెండు తరంగాలు ఒక క్షణం ఒకదానికొకటి బలమిస్తాయి, మరుక్షణం ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. సెకనుకు రెండుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. పాఠ్యపుస్తకాలు వీటిని విస్పందనాలు అంటాయి. పౌనఃపున్యాల తేడా ఎంతో సెకనుకు విస్పందనాలు అన్ని. గోల్‌మురి అమ్మాయి విన్న ‘కొట్టుకోవడం’ ఇదే.

తంబురా శ్రుతి చేసేవారు రోజూ చేసే పని ఇదే. సారణి, అనుసారణి తీగలు రెండూ ఒకే షడ్జమం పలకాలి. బిరడ తిప్పుతూ ఉంటే ఆ అల వేగం తగ్గుతూ, సాగుతూ, చివరికి ఆగిపోతుంది. అల ఆగిన చోటే శ్రుతి కలిసినట్టు. అమ్మమ్మకు హెర్ట్జ్ లెక్క తెలియకపోవచ్చు, ఆమె చెవి మాత్రం సెకనుకు ఒక్క విస్పందనాన్ని కూడా పట్టుకోగలదు. 440లో ఒకటంటే నాలుగు వందల వంతుకన్నా చిన్న తేడా.

కనుక ఎ మైనర్ కార్డ్ తనను తానే పరీక్షించుకునే కార్డ్. ఈ సౌకర్యం సి మేజర్‌లో లేదు. అక్కడ వచ్చే రెండు సి స్వరాలు ఒక స్థాయి ఎడంగా ఉంటాయి కాబట్టి తప్పు అంత బాహాటంగా బయటపడదు. ‘సి బాగానే వస్తోంది, ఎ మైనర్ రావడం లేదు’ అని అనిపించడానికి ఇదే కారణం. వాద్యం ముందూ అంతే ఉంది, ఎ మైనర్ వచ్చాక పట్టుబడింది.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఒక వరస ఉంది. ముందు వేలు పెట్టకుండా నాలుగు తీగలనూ ఫోన్‌లోని ట్యూనర్‌తో సరిచూడాలి. నాలుగో తీగ 392 పలకాలి. అది సరిగ్గా ఉండి, నొక్కినప్పుడే తేడా వస్తుంటే కారణం నొక్కడంలో ఉంది. తీగను మెట్టు మీదికి వంచగానే అది కాస్త సాగుతుంది, తన్యత పెరుగుతుంది. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమంలో ఉంటుంది కాబట్టి తన్యత ఒక శాతం పెరిగితే స్వరం అర శాతం పైకి పోతుంది. 440 కాస్తా 442.2 అవుతుంది. అంటే సెకనుకు రెండు విస్పందనాలకు పైనే. కొత్తగా నేర్చుకునేవారు భయంతో గట్టిగా నొక్కుతారు. లేదా వేలిని పక్కకు లాగుతారు. రెండింటికీ ఫలితం ఒకటే.

విరుగుడు కూడా అక్కడే ఉంది. తీగను మీటుతూ వేలి బలాన్ని మెల్లగా తగ్గిస్తూ రండి. ఒక చోట తీగ జరజరమంటుంది. దానికి పిసరంత ముందు ఉన్న బలమే కావలసిన బలం. మెట్టుకు దూరంగా, మేరువు వైపు నొక్కితే ఎక్కువ బలం కావాలి. మెట్టుకు ఆనుకుని వెనుక నొక్కితే చాలా తక్కువ సరిపోతుంది. ఎంత తేలికగా నొక్కినా విస్పందనాలు పోకపోతే అప్పుడు వాద్యాన్ని అనుమానించవచ్చు. మేరువు గాడి ఎత్తుగా ఉన్న చౌక వాద్యాల్లో మొదటి రెండు మెట్ల దగ్గరే ఈ బాధ ఎక్కువ. గాడిని సన్నని ఆకురాయితో కొద్దిగా దించితే సర్దుకుంటుంది. అది అలవాటైన చేతి పని, పిల్లలు ప్రయోగం చేయాల్సింది కాదు.

ఇంకో సంగతి. కొత్త నైలాన్ తీగలు బిగించాక కొన్ని రోజుల పాటు సాగుతూనే ఉంటాయి. పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతాయి. వాద్యం పాడైందని బెంగ పెట్టుకోనక్కర్లేదు, మళ్లీ మళ్లీ బిగించుకోవడమే.

ఉక్కు ఊళ్లో ఉక్కు లేని తీగ

ఉక్కునే నమ్ముకున్న ఊళ్లో ఉక్కు తీగ లేని వాద్యం వాయించడంలో చిన్న చమత్కారం ఉంది. ఎందుకు లేదో లెక్క వేసి చూద్దాం. తీగ స్వరాన్ని నిర్ణయించేవి దాని పొడవు, తన్యత, మీటరుకు దాని బరువు. ఈ సంబంధాన్ని ఫ్రాన్స్‌కు చెందిన మారిన్ మెర్సెన్ 1630లలోనే సూత్రబద్ధం చేశాడు. 35 సెంటీమీటర్ల తీగ 440 హెర్ట్జ్ పలకాలంటే దాని మీద తరంగం సెకనుకు 308 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న నైలాన్ తీగలో ఆ వేగం రావడానికి సుమారు 31 న్యూటన్లు, అంటే మూడు కిలోల బరువు వేలాడదీసినంత బిగువు చాలు. అదే మందం ఉక్కు తీగ దాదాపు ఏడు రెట్లు బరువు కనుక 21 కిలోలకు పైగా బిగువు కావాలి. నాలుగు తీగలు కలిస్తే అట్టముక్కంత పలుచగా ఉండే ఆ చిన్న పెట్టె పైచెక్క లేచిపోతుంది. ఉక్కు తీగలు వాడే వాద్యాల్లో తీగ చాలా సన్నగా ఉండడం, పెట్టె లోపల బలమైన ఆధారాలు ఉండడం ఇందుకే.

నైలాన్ వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. శబ్దం త్వరగా చచ్చిపోతుంది. ఇది లాభం ఎలా అవుతుంది? దానికి గాంధారం దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

మెట్టు మీద గాంధారం సరైనదేనా?

ఒక స్థాయి కింద, 220 హెర్ట్జ్ దగ్గర షడ్జమం పెట్టుకుందాం. స్వరాల మధ్య నిష్పత్తులు చిన్న పూర్ణాంకాలుగా ఉంటే చెవికి కుదురుగా ఉంటాయన్నది పాత అనుభవం. అంతర గాంధారానికి 5/4, అంటే 275 హెర్ట్జ్. సాధారణ గాంధారానికి 6/5, అంటే 264. పంచమానికి 3/2, 330. మేజర్ కార్డ్ ఇలా 4:5:6 అవుతుంది, మైనర్ 10:12:15 అవుతుంది.

ఉకులేలే మెట్టు ఇచ్చేవి వేరు. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు కనుక సి 261.6 దగ్గర, సి షార్ప్ 277.2 దగ్గర పడతాయి. మైనర్ గాంధారం ఉండాల్సిన దానికన్నా దిగింది, మేజర్ గాంధారం ఎక్కింది. రెండు గాంధారాల మధ్య ఎడం 11 హెర్ట్జ్ కావాల్సింది 15.6 అయింది. ఇ మాత్రం 329.6 దగ్గర, పంచమానికి దాదాపు చేరువలోనే ఉంది. ఏ స్వరాన్నైనా షడ్జమంగా తీసుకుని వాయించుకునే సౌలభ్యం కోసం చెల్లించిన మూల్యం ఇది.

ఆ మూల్యం వినిపిస్తుందా? ప్రతి తీగ ఒక్క స్వరాన్నే పలకదు, దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యాలను కూడా సన్నగా పలుకుతుంది. ఎ మైనర్‌లో సి తీగ అయిదో రెట్టు 1308, ఎ తీగ మూడో రెట్టు 1320. ఈ రెండూ కలవాల్సినవి, 12 హెర్ట్జ్ తేడాతో రాసుకుంటాయి. ఇ తీగ నాలుగో రెట్టు, ఎ మూడో రెట్టు మధ్య తేడా ఒకటిన్నర మాత్రమే. సెకనుకు పన్నెండంటే లెక్కపెట్టలేం, ఒక మిలమిలలా, కొద్దిపాటి గరుకులా తోస్తుంది. ఉకులేలే శబ్దం ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది కనుక ఆ గరుకు చెవికెక్కేలోపే కార్డ్ అయిపోతుంది.

హార్మోనియానికి ఈ వెసులుబాటు లేదు. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ స్వరం నిలిచి ఉంటుంది, తేడా నిలదీసినట్టు వినిపిస్తుంది. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించినప్పుడు గమకాలు పలకవన్న ఆరోపణతో పాటు, ఈ సమాన విభజన స్వరాలు మన సంగీతానికి సరిపడవన్నది కూడా ప్రధాన అభ్యంతరం. 1971లో గానీ ఆ ఆంక్షలు సడలలేదు. వాద్యాన్నే వెలివేయడం అతి అనిపించవచ్చు కానీ, వాళ్ల చెవులు విన్నది భ్రమ కాదు. 275కూ 277.2కూ తేడా నిజంగానే ఉంది.

వీణ ఈ చిక్కును వేరుగా పరిష్కరించుకుంది. దాని ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చుని ఉంటాయి. మైనం మెత్తబరచి మెట్టును జరపవచ్చు. పైగా తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద ఎన్నో స్వరాలు పలికిస్తారు. అంటే కొత్తగా ఉకులేలే నేర్చుకునేవారికి తప్పు అని చెప్పే పక్కలాగుడే వీణలో విద్య.

గుర్రం ఆకారంలోనూ తేడా ఉంది. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీ వాద్యాల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. మామూలుగా తీగను ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలంగా ఉండాల్సిన అనుస్వరాలు పుట్టకూడదు. నడిమధ్యన మీటితే రెండో రెట్టు రాకూడదు. వీణ, తంబురాలలో మాత్రం అవి కూడా వినిపిస్తాయని, వెడల్పుగా వంపు తిరిగిన గుర్రం మీద తీగ ఒరుసుకుంటూ కంపించడమే కారణమని ఆయన చూపాడు. ఉకులేలే గుర్రం అంచు పదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ మామూలు నియమమే నడుస్తుంది. తీగను నడిమికి దగ్గరగా మీటితే మెత్తగా, గుర్రం దగ్గర మీటితే రేకుమీద గీరినట్టుగా పలుకుతుంది. మైనర్ కార్డ్‌ను దండి పెట్టెలో కలిసే చోట మీటమని చెప్పడం ఆ మెత్తదనం కోసమే.

విషాదం ఎక్కడి నుంచి వస్తుంది?

మైనర్ అంటే విషాదం అని నేర్పేస్తారు. దీనికి భౌతికశాస్త్రం ఇచ్చే సమాధానం ఒకటుంది. 1863లో వెలువడిన తన గ్రంథంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, రెండు స్వరాలు గట్టిగా మోగినప్పుడు వాటి తేడాకు సమానమైన మూడో స్వరం నీడలా వినిపిస్తుందన్న సంగతిని విశ్లేషించాడు. మేజర్‌లో 4:5:6 మధ్య తేడాలు 1, 1, 2. ఇవన్నీ కార్డ్ మూలస్వరానికే కింది స్థాయిలు. మైనర్‌లో 10:12:15 మధ్య తేడాలు 2, 3, 5. ఇందులో 2 అన్నది కార్డ్‌కు చెందిన స్వరం కాదు. ఎ మైనర్‌లో అది ఎఫ్. పిలవని చుట్టంలా వచ్చి మైనర్‌ను కాస్త మసక చేస్తుందని ఆయన వాదన. ఈ నీడ స్వరాలు ఉకులేలేలాంటి మెల్లని వాద్యంలో చాలా బలహీనం. మసకదనానికి అవి కొంత కారణం కావచ్చేమో గానీ, కన్నీళ్లకు మాత్రం చాలవు.

మాట వైపు నుంచి వెదికినవారూ ఉన్నారు. 2012లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కర్ణాటక రాగాలనూ తమిళ సంభాషణనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఉల్లాసాన్ని పలికించే సంగీతంలోనూ మాటలోనూ స్వరాల మధ్య అంగలు పెద్దవిగా, విషాదంలో చిన్నవిగా ఉన్నాయని తేలింది. దిగులుగా ఉన్న మనిషి గొంతు ఎక్కువ ఎగరదు, దిగదు. గాంధారం ఒక్క మెట్టు దిగడం ఆ గొంతును గుర్తు చేస్తుందన్నది ఊహించదగ్గదే.

అయితే అలవాటు పాత్ర ఎంత? 2016లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో బొలీవియా అడవుల్లోని చిమానే తెగవారికి కలిసే స్వరాలూ, రాసుకునే స్వరాలూ రెండూ ఒకేలా నచ్చాయి. పాపువా న్యూగినీలో పాశ్చాత్య సంగీతం పెద్దగా సోకని పల్లెల్లో చేసిన మరో అధ్యయనంలో మేజర్‌ను సంతోషంతో ముడిపెట్టే ధోరణికి బలమైన ఆధారం దొరకలేదు. అంటే ఈ ముడి చాలావరకు విని విని పడింది.

ఇంత దూరం వెళ్లకుండానే మన రాగాలు ఈ సంగతి చెబుతాయి. ఖరహరప్రియలో ఉన్నది సాధారణ గాంధారమే, దాన్ని ఏడుపు రాగం అని ఎవరూ అనరు. తోడిలోనూ అదే గాంధారం, కానీ అక్కడ అది ఒక చోట నిలవదు, ఊగుతుంది. పైగా శంకరాభరణం స్వరాలను అలాగే ఉంచి ధైవతాన్ని షడ్జమంగా మారిస్తే నటభైరవి వస్తుంది. సి మేజర్ నుంచి ఎ మైనర్‌కు జరిగేది సరిగ్గా ఈ గ్రహభేదమే. స్వరాలు అవే, ఇల్లు మారింది. సినిమా పాటల్లో పల్లవి వెలుగుగా ఉండి చరణం దిగులుగా వినిపించే చోట చాలాసార్లు జరిగేది ఇదే.

డబ్బా మీద ప్రయోగం

వాద్యం లేకపోయినా మైనర్ గాంధారాన్ని చేత్తో పట్టుకోవచ్చు. వంటనూనె వచ్చే చదరపు డబ్బా, గోల్‌మురి లాంటి చోట్ల తయారైన తగరపు రేకుతో చేసిందే, ఖాళీది ఒకటి తీసుకోండి. మూత కోయకండి, అంచులు చేతిని కోస్తాయి. దాదాపు 80 సెంటీమీటర్ల చెక్కపట్టీని డబ్బా మీద గట్టిగా కట్టి, రెండు చివరలా మూడేసి మరలు బిగించి, చేపల గాలానికి వాడే 0.6 మిల్లీమీటర్ల నైలాన్ దారం మూడు వరసలు లాగండి. రెండు కర్రముక్కలను గుర్రాలుగా, వాటి మధ్య సరిగ్గా 60 సెంటీమీటర్లు ఉండేలా దూర్చండి. ఒక గుర్రం డబ్బా నడిమికి పైగా ఉంటే శబ్దం బాగా వస్తుంది. మూడు తీగలనూ విస్పందనాలు ఆగేదాకా ఒకే స్వరానికి తెండి. ఈ పని ఒక్కటే అరగంట పడుతుంది, అదే అసలు పాఠం.

ఇప్పుడు మొదటి తీగను అలాగే వదిలేయండి. మూడో తీగ కింద, డబ్బా వైపు గుర్రం నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ ముక్క దూర్చండి. డబ్బా వైపు మీటితే పంచమం. రెండో తీగ కింద 50 దగ్గర పెన్సిల్ పెడితే సాధారణ గాంధారం, మూడూ కలిపి మీటితే మైనర్. పెన్సిల్‌ను 48కి జరిపితే మేజర్. రెండు కార్డ్‌ల మధ్య దూరం రెండు సెంటీమీటర్లు. ఉకులేలే మెట్టు ఇచ్చే మైనర్ గాంధారం కావాలంటే 50.5 దగ్గర పెట్టి చూడండి, మేజర్‌ది 47.6 దగ్గర. అర సెంటీమీటరు తేడాను చెవి పట్టుకుంటుందో లేదో కళ్లు మూసుకుని ఇంకొకరితో జరిపించి వినండి. పెన్సిల్ మరీ లావుదైతే తీగ సాగి స్వరం పైకి పోతుంది. వేలు గట్టిగా నొక్కినప్పుడు జరిగేది ఇదే.

ఉకులేలే ఉన్నవారు ఎ మైనర్ నిలిచాక మధ్యవేలిని కదపకుండా చూపుడువేలిని రెండో తీగ మొదటి మెట్టు దగ్గర చేర్చండి. అది ఎఫ్ మేజర్. అక్కడి నుంచి ఉంగరపు వేలిని మూడో తీగ రెండో మెట్టు మీద కలిపితే డి మైనర్, రెండో మైనర్ కార్డ్. సి మైనర్‌కు మాత్రం కింది మూడు తీగలనూ మూడో మెట్టు దగ్గర ఒకే వేలు పడుకోబెట్టి నొక్కాలి. దానికి ఇంకో నెల ఆగవచ్చు. డి మైనర్‌లోనూ నాలుగో తీగ, మొదటి తీగ రెండూ ఎ పలుకుతాయి కనుక కొట్టుకునే చప్పుడు అక్కడా వినిపిస్తుంది. గోల్‌మురి ఇంట్లో ఇప్పుడు అమ్మమ్మ వంటింట్లోంచే చెబుతోంది: “కాస్త తేలిగ్గా నొక్కమ్మా, ఇంకా రెండు కొడుతోంది.”